చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు క్రిస్మస్ గిఫ్టులు: అప్పు చేయకుండా ఎలా గట్టెక్కాలి

క్రిస్మస్ గిఫ్టుల ఖర్చు చాలా ఇళ్లలో ఒకే తీరుగా అదుపు తప్పుతుంది. ముందు వస్తువు కంటపడుతుంది. ఇది ఫలానావాళ్లకి బాగుంటుంది కదా అనిపిస్తుంది. ఎంతయిందన్నది కొన్నాకే తెలుస్తుంది. డబ్బు తక్కువగా ఉన్న ఇంట్లో ఈ వరస పనికిరాదు. ముందు మొత్తం ఎంతో తేలాలి, తర్వాత ఎవరెవరికి ఇవ్వాలో రాసుకోవాలి, ఏం కొనాలన్నది ఆఖరున చూడాలి. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. గిఫ్టుల ఖర్చును పెంచేది ప్రేమ కన్నా మొహమాటమే ఎక్కువ. కాబట్టి ఇక్కడ లెక్కల గురించి ఎంత చెబుతానో, మనుషులతో మాట్లాడటం గురించీ అంతే చెబుతాను.

మొదట మొత్తం తేల్చండి

ఇంట్లో సంపాదించేవాళ్లు, ఖర్చు చూసేవాళ్లు ఇద్దరూ కలిసి ఒక అరగంట కూర్చోండి. ఒక్కరే కూర్చుని వేసిన బడ్జెట్‌ని రెండోవాళ్లు తెలియకుండానే దాటేస్తారు.

డిసెంబర్‌లో చేతికొచ్చే డబ్బు రాయండి. అందులోంచి అద్దె, కరెంటు, సరుకులు, మందులు, ఫీజులు, కట్టాల్సిన వాయిదాలు తీసేయండి. అక్కడితో ఆగకుండా జనవరి ఖర్చులు కూడా పక్కనే రాయండి. డిసెంబర్ జీతం పండక్కి ముందే చేతికొచ్చేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. నాలుగు వారాలకు సరిపోయే డబ్బుతో ఐదారు వారాలు నెట్టుకురావాల్సి వస్తుంది. జీతం త్వరగా వచ్చిందంటే తర్వాతి జీతానికి ఎక్కువ రోజులు ఆగాలన్న మాటే, డబ్బు మాత్రం ఎక్కువ రాలేదు. బోనస్ వస్తుందని ఎవరైనా చెప్పినా, ఖాతాలో పడేదాకా లెక్కలోకి తీసుకోవద్దు.

మిగిలినదంతా గిఫ్టులకే అనుకోకండి. పండగ భోజనం, బట్టలు, ప్రయాణం, ఇంటి అలంకరణ అందులోంచే రావాలి. వాటిని పక్కన పెట్టాక మిగిలిందే గిఫ్టుల మొత్తం. ఆ అంకె చూసి మనసు చివుక్కుమంటే అది సహజమే. అయినా దాన్ని పెంచడానికి మందుల డబ్బునో, ఫీజు డబ్బునో ముట్టుకోవద్దు.

తర్వాత ఫోన్ తీసి కిందటేడాది నవంబర్ మధ్య నుంచి డిసెంబర్ 31 దాకా చేసిన పేమెంట్లన్నీ ఒకసారి చూడండి. చాలామందికి పెద్ద గిఫ్టులు గుర్తుంటాయి. గుర్తులేనివి చిన్నవే: చుట్టే రంగు కాగితం, రిబ్బన్లు, కార్డులు, డెలివరీ ఛార్జీలు, బొమ్మలకు బ్యాటరీలు, ఆఖరి నిమిషంలో ఎవరికోసమో కొన్న ఏదో ఒకటి. ఇవన్నీ కలిస్తే తడిసి మోపెడవుతుంది. అందుకే గిఫ్టుల మొత్తం 100 అనుకుంటే, ముందే 10 పక్కన తీసి వీటికి కేటాయించమంటాను. ఇక మీ బడ్జెట్ 90 మాత్రమే.

పేర్లు రాయండి, ఒక్కో పేరు దగ్గర ఆగండి

గిఫ్టు ఇవ్వాలని మీకు అనిపించే ప్రతి ఒక్కరి పేరూ కాగితం మీద పెట్టండి. పిల్లలు, తల్లిదండ్రులు, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు, స్నేహితులు, ఆఫీసులో వాళ్లు, టీచర్లు, ఇంట్లో పనికి సాయం వచ్చేవాళ్లు. లిస్టు అనుకున్నదానికన్నా పొడుగ్గానే వస్తుంది.

ఇప్పుడు ఒక్కో పేరు దగ్గర ఆగి రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇవ్వకపోతే వాళ్లు బాధపడతారా? లేక ఇవ్వకపోతే నాకే ఏదోలా ఉంటుందా? చూడటానికి ఈ రెండూ ఒకటేలా ఉంటాయి గానీ కావు. ఆరేళ్ల మేనల్లుడు నిజంగానే బాధపడతాడు. ఎప్పుడో ఒకసారి గిఫ్టు ఇచ్చిందని ఏటా మనం తిరిగి ఇస్తూ వస్తున్న పాత కొలీగ్ బహుశా బాధపడదు. ఆవిడ కూడా మనలాగే ఆపలేక ఇస్తుండొచ్చు. రెండో ప్రశ్నకు మాత్రమే అవునన్న జవాబు వచ్చిన పేర్లను గిఫ్టుల లిస్టులోంచి తీసి ఇంకో లిస్టులో పెట్టండి. వాళ్లకి చేత్తో రాసిన కార్డు, ఒక ఫోన్ కాల్, వీలైతే ఇంటికెళ్లి పలకరింపు.

మిగిలిన పేర్లకు డబ్బు పంచండి. ఉదాహరణకి 100లో ప్యాకింగ్, డెలివరీ లాంటివాటికి 10 పోగా, పిల్లలకు 50, ఇంట్లో పెద్దవాళ్లకు 20, మిగతా బంధువులకు 10, టీచర్లకూ సాయం చేసేవాళ్లకూ 10. మీ ఇంట్లో ఈ వాటాలు వేరుగా ఉండొచ్చు. వస్తువు పేరు రాయకముందే మనిషి పేరు పక్కన అంకె పడాలి, అదే అసలు విషయం. వస్తువు ముందు రాస్తే, దానికి సరిపోయేలా అంకెను మనమే సాగదీస్తాం.

బంధువులతో ముందే మాట్లాడండి

అన్నింటికన్నా కష్టమైన పని ఇదే, ఎక్కువ డబ్బు మిగిల్చేదీ ఇదే. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

లెక్క చూడండి. ఎనిమిది మంది పెద్దవాళ్లున్న కుటుంబంలో ప్రతి ఒక్కరూ మిగతా ఏడుగురికీ గిఫ్టు ఇస్తే 56 గిఫ్టులవుతాయి. అందరి పేర్లూ చీటీల మీద రాసి, తలా ఒకటి తీసి, వచ్చిన పేరు ఉన్న ఒక్కరికే ఇచ్చుకుంటే 8 గిఫ్టులు. మొదటి పద్ధతిలో మీరు ఏడు కొనాలి, రెండో పద్ధతిలో ఒకటి. పైగా ఆ ఒక్కటీ మనసు పెట్టి ఎంచుకోవచ్చు.

ఈ మాట ఎప్పుడు ఎత్తాలి? ఎవరూ ఏమీ కొనకముందే. అక్టోబర్ అయితే బాగుంటుంది, నవంబర్ మొదటి వారం దాటనివ్వొద్దు. డిసెంబర్‌లో చెబితే అప్పటికే ఎవరో ఒకరు కొనేసి ఉంటారు. అప్పుడు వాళ్లకీ ఇబ్బంది, మీకూ ఇబ్బంది.

ఎలా ఎత్తాలి? మొదట కుటుంబంలో మీతో చనువుగా ఉండే ఒక్కరికి ఫోన్ చేయండి. "అక్కా, ఈసారి మాకు కొంచెం టైట్‌గా ఉంది. పెద్దవాళ్లం చీటీలు వేసుకుని ఒక్కొక్కరికే ఇచ్చుకుందామా? పిల్లలకి మాత్రం మామూలుగానే." ఇంత చాలు. ఎందుకు టైట్‌గా ఉందో, ఎంత అప్పుందో చెప్పాల్సిన పని లేదు. క్షమాపణలు అసలే అక్కర్లేదు. చాలా ఇళ్లలో అవతలివైపు నుంచి వచ్చే జవాబు, "అబ్బ, నేనే అడుగుదామనుకుంటున్నా" అని. ఒకరు సరేనన్నాక వాట్సాప్ గ్రూప్‌లో ఇద్దరి మాటగా పెట్టండి. అప్పుడు అది ఒక్కరి కష్టంలా కాకుండా అందరి నిర్ణయంలా కనిపిస్తుంది.

గరిష్ఠ మొత్తం ఒకటి పెట్టుకోండి. దాన్ని కుటుంబంలో చేతికి ఎముక లేనివాళ్లు నిర్ణయించకూడదు. అందరిలో ఎవరికి ఇబ్బందిగా ఉందో వాళ్లు తేలిగ్గా ఇవ్వగలిగినంతే పెట్టాలి. ఆ మనిషెవరో నలుగురిలో పేరెత్తకుండానే చేయండి.

చీటీలు మామూలుగా తీస్తే ఒక చిక్కుంది. ఎనిమిది మందిలో ఎవరో ఒకరికి తన పేరే రావడానికి 63 శాతం దాకా అవకాశం ఉంది, అంటే మళ్లీ మళ్లీ తీయాల్సి వస్తుంది. దీనికి తేలికైన ఉపాయం: పేర్లన్నీ కలిపేసి ఒక్కొక్కటిగా తీసి వరసగా పేర్చండి. ప్రతి ఒక్కరూ తన తర్వాతి పేరుకి ఇవ్వాలి, చివరి మనిషి మొదటి మనిషికి ఇవ్వాలి. ఎవరికీ తన పేరు రాదు. భార్యాభర్తలు పక్కపక్కన పడితే ఒక పేరును వేరేచోటికి మార్చండి. ఈ పని కుటుంబంలో ఒక్కరే చేసి, ఎవరికి ఎవరొచ్చారో విడివిడిగా మెసేజ్ పెడితే రహస్యమూ నిలుస్తుంది. ఆ ఒక్కరికి మాత్రం అన్నీ తెలిసిపోతాయి. అది వద్దనుకుంటే పిల్లల్లో పెద్దవాళ్లకి ఈ పని అప్పగించండి.

ఎవరైనా ఒప్పుకోకపోతే? "నాకు ఇవ్వాలనుంది, మీరు తిరిగి ఇవ్వక్కర్లేదు" అనే బాగా ఉన్న అన్నయ్యో, అత్తయ్యో ఉంటారు. తీసుకోండి, సంతోషంగా థ్యాంక్స్ చెప్పండి. దానికి సమానంగా తిరిగి ఇవ్వాలని పరుగెత్తకండి. ఇచ్చినవాళ్లు వద్దన్నాక కూడా సమానం చేయాలని చూస్తే, ఖర్చంతా మళ్లీ మొదటికొస్తుంది.

పిల్లలకు ఎలా చెప్పాలి

రెండేళ్లలోపు పిల్లలకు ఎంత ఖరీదైంది కొన్నా తేడా తెలియదు. వాళ్లు బొమ్మతో పాటు వచ్చిన డబ్బాతోనూ అంతే ఆనందంగా ఆడుకుంటారు. వాళ్ల పేరు మీద ఖర్చు బాగా తగ్గించొచ్చు.

నాలుగేళ్ల నుంచి తొమ్మిదేళ్ల మధ్య పిల్లలకు సంఖ్య కన్నా ఎదురుచూపు ముఖ్యం. చాలామంది వాడే పద్ధతి ఒకటుంది: ఒకటి తను కోరుకున్నది, ఒకటి అవసరమైనది, ఒకటి వేసుకునేది, ఒకటి చదువుకునేది. ఇందులో రెండు ఎలాగూ ఇంటికి కొనాల్సినవే కాబట్టి భారం తగ్గుతుంది. ఇంకొందరు యేసు పుట్టినప్పుడు జ్ఞానులు తెచ్చిన బంగారం, సాంబ్రాణి, బోళం గుర్తుగా మూడే గిఫ్టులని చెబుతారు. మూడే ఎందుకో పిల్లలకు కథతో సహా అర్థమవుతుంది, గొడవ పెట్టరు.

శాంతా తాత ఇస్తాడని నమ్మే పిల్లలుంటే ఖరీదైన గిఫ్టును శాంతా పేరు మీద పెట్టకండి. అమ్మానాన్నల పేరు మీద ఇవ్వండి, శాంతా మాత్రం చిన్నది తెస్తాడు. స్కూల్లో పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటారు. శాంతా తనకి సైకిల్ తెచ్చాడని ఒకరంటే, తనకి రంగు పెన్సిళ్లే వచ్చిన పాప తను మంచిపిల్ల కాదేమో అనుకుంటుంది. మీ ఇంట్లో డబ్బున్నా లేకపోయినా, పక్కింటి పాప కోసమైనా ఇది పాటించమని అడుగుతున్నాను.

పదేళ్లు దాటినవాళ్లకి అంకె చెప్పేయండి. "నీ గిఫ్టుకి ఇంత ఉంది. ఒక్కటి మంచిది కావాలా, మూడు చిన్నవి కావాలా, నువ్వే చెప్పు." ఈ వయసు పిల్లలకు ఇంట్లో టెన్షన్ ఉందని ఎలాగూ తెలుస్తుంది. ఎంతుందో తెలియకపోవడమే వాళ్లని ఎక్కువ భయపెడుతుంది. "ఈసారి గిఫ్టులకి తక్కువ పెడుతున్నాం, అద్దెకీ సరుకులకీ లోటు లేదు" అన్న మాట వాళ్లకి చాలా ధైర్యమిస్తుంది. అది నిజమైతేనే చెప్పండి.

ఏం కొనాలి

తక్కువ ఖరీదుది ఇస్తే చిన్నచూపు చూస్తారేమో అన్న భయం మీకుంటే ఇది వినండి. ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ అనే పరిశోధకులు 2009లో ఇదే విషయం పరిశీలించారు. ఇచ్చేవాళ్లు, ఎక్కువ ఖరీదు పెడితే ఎక్కువ మెచ్చుకుంటారని అనుకున్నారు. పుచ్చుకున్నవాళ్ల మెప్పుకి, ఖరీదుకి అలాంటి సంబంధమే కనిపించలేదు. 2011లో ఫ్లిన్‌తో కలిసి ఫ్రాంచెస్కా జీనో చేసిన ఇంకో పరిశోధనలో, జనం తాము అడిగిన వస్తువు అందుకున్నప్పుడే ఎక్కువ సంతోషించారని తేలింది. అంతకుముందే 1993లో ఆర్థికవేత్త జోయెల్ వాల్డ్‌ఫోగెల్, గిఫ్టు మీద పెట్టిన డబ్బులో 10 శాతం నుంచి మూడో వంతు దాకా పుచ్చుకున్నవాళ్ల దృష్టిలో విలువ లేకుండా పోతోందని లెక్క కట్టాడు. మన దగ్గర వృథా చేయడానికి ఆ మూడో వంతు లేదు.

కాబట్టి అడగండి. "నీకేం కావాలి?" అంటే "ఏమీ వద్దు" అనే వస్తుంది. "ఈ మధ్య ఇంట్లో ఏది పాడైంది? రోజూ వాడేదాంట్లో ఏది మార్చాలనుకుంటున్నావు?" అనండి, జవాబు దొరుకుతుంది. పెద్దవయసు వాళ్లకి వస్తువులు చాలావరకు ఉండే ఉంటాయి. వాళ్ల పాత ఫొటోలు నాలుగు పెద్దగా ప్రింట్ తీయించి ఇవ్వడం, ఫోన్‌లో పేరుకుపోయిన ఫొటోలన్నీ సర్దిపెట్టడం, నెలకోసారి ఆసుపత్రికి తోడు వస్తానని తేదీలతో సహా కార్డు మీద రాసివ్వడం, ఇవన్నీ గిఫ్టులే. చిన్నపిల్లలున్న చెల్లెలికి "ఫలానా శనివారం సాయంత్రం పిల్లల్ని నేను చూసుకుంటా" అని రాసిచ్చిన కార్డు చాలా వస్తువుల కన్నా విలువైనది. తేదీ మాత్రం తప్పకుండా రాయండి, లేకపోతే అది మాటగానే మిగిలిపోతుంది.

చేత్తో చేసి ఇద్దామనుకుంటే ముందు సామాను ఖరీదు వేసుకోండి. ఊలు, రంగులు, ఫ్రేములు కొత్తగా కొనాల్సి వస్తే దుకాణంలో కొన్నదానికన్నా ఎక్కువే అవుతుంది. ఇంట్లో సామాను ఇప్పటికే ఉంటేనే అది పొదుపు.

వాడినవి కొనడంలో తప్పేమీ లేదు. పుస్తకాలు, సైకిళ్లు, చెక్క బొమ్మలు, బోర్డ్ గేమ్‌లు బాగా దొరుకుతాయి. గేమ్ అయితే పావులన్నీ ఉన్నాయో లేదో అక్కడే లెక్కపెట్టండి. చిన్నపిల్లల బొమ్మ అయితే వెనక్కి తిప్పి బ్యాటరీ పెట్టే మూతని వేలితో లాగి చూడండి. గుండీలా ఉండే చిన్న బ్యాటరీ పిల్లలు మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేస్తుంది. ఆ మూతకి స్క్రూ ఉండి గట్టిగా బిగిసి ఉంటేనే తీసుకోండి. ఊడివచ్చే చిన్న అయస్కాంతాలున్నవి అసలు వద్దు. హెల్మెట్లు, కారులో పిల్లల్ని కూర్చోబెట్టే సీట్లు మాత్రం వాడినవి కొనకండి. ఒకసారి దెబ్బ తిన్నాయా లేదా అన్నది పైకి కనిపించదు.

డబ్బు ఎలా కట్టాలి

పేరుకొక కవరు పెట్టి అందులో ఆ అంకెకు సరిపడా నగదు వేయడం పాత పద్ధతే గానీ ఇప్పటికీ ఇంతకన్నా బాగా పనిచేసేది నేను చూడలేదు. డ్రాజెన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ 2001లో ప్రచురించిన ప్రయోగంలో, బాస్కెట్‌బాల్ మ్యాచ్ టికెట్లకి వేలం పెడితే క్రెడిట్ కార్డుతో కట్టొచ్చన్నవాళ్లు నగదు కట్టాల్సినవాళ్ల కన్నా దాదాపు రెట్టింపు పాడారు. చేతిలోంచి నోటు వెళ్తుంటే కలిగే ఆ చిన్న బాధే మనల్ని కాపాడుతుంది. ఆన్‌లైన్‌లో కొనాల్సిందైతే కొన్న వెంటనే ఆ కవరులోంచి అంత డబ్బు తీసి పక్కన పెట్టేయండి.

కార్డు మీద కొని "మెల్లగా కట్టుకోవచ్చులే" అనుకునేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చూడండి. వడ్డీ నెలకు 3 శాతం, మినిమమ్ డ్యూ (నెలనెలా కనీసం కట్టాల్సిన మొత్తం) 5 శాతం అనుకుందాం. 100 అప్పు మీద నెల తిరిగేసరికి వడ్డీ 3 చేరి 103 అవుతుంది. మీరు కట్టేది 5 చిల్లర. అందులో 3 వడ్డీకే పోతుంది, అప్పు తగ్గేది 2 చిల్లర మాత్రమే. ఇలా మినిమమ్ కడుతూ ఏడాది గడిస్తే మీ జేబులోంచి 55 వెళ్తుంది, అప్పు మాత్రం ఇంకా 77 ఉంటుంది. ఈలోగా వచ్చే క్రిస్మస్ వచ్చేస్తుంది, బొమ్మ ఎప్పుడో విరిగిపోయి ఉంటుంది. వచ్చే నెల బిల్లు మొత్తం కట్టగలనని కచ్చితంగా తెలిస్తేనే కార్డు తీయండి.

"ఇప్పుడు కొనండి, తర్వాత కట్టండి" అనే వాయిదాలు ఇంకా తేలిగ్గా కనిపిస్తాయి. ఒక్కొక్కటి చిన్నదే. నాలుగైదు చోట్ల కొన్న వాయిదాలన్నీ జనవరిలోనే వచ్చి పడతాయి. ఒకటి తప్పినా లేట్ ఫీజు పడుతుంది. ఇప్పటికే ఒకటి నడుస్తుంటే రెండోది పెట్టుకోవద్దు.

సేల్ రోజుల్లో

నవంబర్ మొదట్లోనే మీ లిస్టులో ఉన్న వస్తువుల ధరలు రాసిపెట్టుకోండి. నవంబర్ ఆఖర్లో బ్లాక్ ఫ్రైడే సేల్ అంటూ బోర్డులు వచ్చినప్పుడు తగ్గింపు నిజమో కాదో మీ కాగితమే చెబుతుంది. లిస్టులో లేని వస్తువు 70 శాతం తగ్గినా, మీకు అది 30 శాతం అదనపు ఖర్చే. కార్ట్‌లో వేసి రెండు రోజులు ఆగండి. అప్పటికీ ఫలానా మనిషి కోసం అనిపిస్తేనే కొనండి. రిటర్న్ గడువు కొన్న రోజు నుంచి లెక్కిస్తారా, పండగ తర్వాత దాకా ఇస్తారా అన్నది ముందే చూసుకోండి. బిల్లు ఫొటో తీసి ఉంచండి. గిఫ్టు కార్డు కొంటే గడువు తేదీ దాని మీదే పెన్నుతో రాసి ఇవ్వండి.

అసలు ఏమీ మిగలకపోతే

లెక్క వేశాక గిఫ్టులకి సున్నా వచ్చే ఇళ్లూ ఉంటాయి. ఉద్యోగం పోయి ఉండొచ్చు, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసి ఉండొచ్చు. అప్పుడు గిఫ్టుల కోసం వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లకండి. పెద్దవాళ్లకి "ఈ ఏడాది గిఫ్టులు ఇవ్వడం లేదు, అందరం కలుద్దాం" అని ఒక్క మెసేజ్ చాలు. పిల్లల కోసం చర్చిల్లో, సేవా సంస్థల్లో బొమ్మలు, బట్టలు సేకరించి ఇస్తుంటారు. పేర్లు చాలాచోట్ల డిసెంబర్ రాకముందే తీసుకుంటారు కాబట్టి నవంబర్‌లోనే కనుక్కోండి. సిగ్గుపడకండి, అవి ఉన్నది ఇందుకే. కట్టాల్సిన వాయిదా తప్పేలా ఉంటే గడువు తేదీకి ముందే బ్యాంకుకి ఫోన్ చేసి మాట్లాడండి. తప్పాక అడిగే గడువు కన్నా ముందే అడిగిన గడువు దొరికే అవకాశం ఎక్కువ.

పండగ అయ్యాక

1909లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ అనే ఊళ్లో ఒక బ్యాంకు, క్రిస్మస్ క్లబ్ పేరుతో ఖాతాలు తెరిచింది. ఏడాది పొడవునా వారం వారం చిన్న మొత్తం వేస్తే పండక్కి ముందు చేతికిచ్చేది. ఆ పద్ధతి మీరు ఇంట్లోనే చేసుకోవచ్చు. ఈసారి గిఫ్టులకి అయిన ఖర్చును 48తో భాగించండి. జనవరి మొదటి వారం నుంచి వారానికి అంత, రోజువారీ వాడని ఖాతాలోకి మార్చండి. డిసెంబర్ మొదటి వారానికల్లా మొత్తం సిద్ధంగా ఉంటుంది. జీతం పడిన రోజే ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టేస్తే ఇంకా మంచిది.

చుట్టే కాగితం, కార్డులు, రిబ్బన్లు పండగ మర్నాటి నుంచి బాగా తక్కువకు దొరుకుతాయి. వచ్చే ఏడాదికి సరిపడా అప్పుడే కొనుక్కోండి. ఎవరికి ఏం ఇచ్చారో, మీకు ఎవరేం ఇచ్చారో ఒక కాగితం మీద రాసి ఆ రిబ్బన్ల డబ్బాలోనే పెట్టండి. మీరు వాడని గిఫ్టు ఏదైనా ఇంకొకరికి ఇవ్వాలనుకుంటే, దాని మీద ఇచ్చినవాళ్ల పేరుతో చిన్న చీటీ అంటించండి. అది తిరిగి వాళ్ల చేతికే వెళ్లకుండా ఉంటుంది.